కడవ నీళ్లు తాగినా రాని తడి

కూర్చో అమ్మీ. బిడ్డను పాలు తాగనీ, ఒక చేత్తో కాగితం మీద నా మాటలు రాసుకో, చెవి మాత్రం ఇటు పెట్టు. మొగుడు దగ్గరికొస్తే కింద మంట, తడే లేదవ్వా అని పొద్దున కండ్లనీళ్లు పెట్టుకున్నావే, అదే నాకూ అయింది.

మనం మద్రాసు కిందుండే కాలం. మీ నాయన నా తొలి బిడ్డ. కంభంలో మా అమ్మింట్లో కాన్పయింది. బాలింత నీళ్లు ఎక్కువ తాగితే బిడ్డకు జలుబు చేస్తాదని అమ్మ నాకు గుక్కెడంటే గుక్కెడే ఇచ్చేది. బిడ్డకు ఐదో నెలలో కొమరోలు దాపున అత్తగారింటికి బండెక్కించినారు.

మీ తాత మంచోడే. పక్కలోకొస్తే మాత్రం నాకు పచ్చిగాయం మీద ఉప్పు చల్లినట్టుండేది. పండ్లు కరుచుకోని ఓర్చుకుంటా ఉంటే, "నేనంటే ఇష్టం లేదా నీకు?" అని అటు తిరిగి పండుకున్నాడు. నాకు ఒకటే దిగులు. ఇంకెప్పటికీ ఇంతేనా, ఈయన నన్ను ఇడిచిపెడతాడా అని.

నాకేం తోచింది? అమ్మ నీళ్లియ్యక ఎండబెట్టింది, తాగితే తడొస్తాదని. అత్త అటు గొర్రెల కాడికి పోతే చాలు, చెంబు మీద చెంబు. కడవ అడుగంటేది గానీ తడి రాలా.

ఒకనాడు అత్త చూసింది. "ఏందే, ఎండకొచ్చిన గొడ్డువా? బాలింతవు, ఇన్ని నీళ్లా?"

ఏడుస్తా అంతా చెప్పేసినా. అత్త ఫక్కున నవ్వింది. "ఓసి పిచ్చిదానా, దానికి దీనికి ఏం సంబంధమే!" అని చెయ్యి పట్టుకోని దొడ్లోకి తీసకపోయింది. ఈనిన గొర్రె పిల్లకు పాలిస్తా ఉంది. పొట్టేలు వెనకమాల రాబోతే విదిలించుకోని పక్కకు జరిగింది.

"చూడు. పిల్ల పాలు తాగినన్నాళ్లు దీని ఒళ్లు పొట్టేలును అడగదు. మనదీ అంతే. నీకే రోగమూ లేదు."

అమ్మీ, ఇప్పటికీ ఒళ్లు జల్లుమంటాది నాకు. ఎవరూ చెప్పకుండానే ఈ ఒంటికి ఎంత తెలుసే! ఒక బిడ్డ కోసం ఒక తావు ఎండబెట్టి ఇంకో తావు ఊట చేస్తాది. ఆ గొర్రెనే చూస్తా నిలబడిపోయినా. ఇంట్లో మీ నాయన ఏడ్చినాడు, నా రవిక పాలతో తడిసి ముద్దయింది.

ఆ పొద్దే అత్త కొడుకును పిలిచింది. "ఒరేయ్, చేలో మంద కాడ కావలి ఇంక నువ్వే పండుకో."

"ఎన్నాళ్లమ్మా?"

"నీ కొడుకు సంగటి మింగేదాకా."

నా చేతికి గానుగ నూనె గిన్నె ఇచ్చింది. "వాడొచ్చినప్పుడు ఇంత రాసుకో. ఆత్రపడొద్దని వానికి నువ్వే చెప్పు, నోరుంది గదా."

చెప్పినా. ఎంత సిగ్గయిందో! ఆయన మాత్రం, "ఇదా సంగతి, నేను నీకు నచ్చలేదనుకున్నా" అని నిట్టూర్చినాడు.

మీ నాయన సంగటికి అలవాటు పడినాడు, పాలు తగ్గినాయి. ఒకనాడు రాత్రి మీ తాత గొంగడి భుజానేసుకోని వచ్చి, "లోపలికి రావచ్చునా?" అని గడపలోనే నిలబడినాడు. అలవాటు కొద్దీ నూనె గిన్నె అందుకోబోయినా, అంతలోనే నాకు తెలిసొచ్చింది, ఇంక దాంతో పనే లేదని, నేను నవ్వుతా ఆయన చెయ్యి పట్టుకోని... ఆఁ కోడలా, వస్తున్నానమ్మే! సంగటి ఆరిపోతాదని ఆ అరుపేంది, పెట్టు, వస్తున్నా!