ఎర్రబడని చెల్లెళ్లు

షౌ లాన్‌చింగ్‌కు మొండితనం ఉగ్గుపాలతోనే అబ్బింది. తల్లి షావోషింగ్ సందులో పులిసిన టోఫు వేయించి అమ్ముతుంటే, కూతురు షాంఘై పరిశోధనశాలలో ఐదేళ్లుగా ఎలుకల పాలగ్రంథుల వెంట పడి ఉంది. ఆ గ్రంథి కాన్పు కాన్పుకూ కొత్తగా చిగురిస్తుంది, పిల్లలు పాలు మానగానే వాడిపోతుంది. దాన్ని మళ్లీ మళ్లీ కట్టే మూలకణమేదో తనకు తెలుసని లాన్‌చింగ్ వాదన. అది రుజువైతేనే డాక్టరేటు పట్టా.

అందుకని ఎలుకల జన్యువుల్లో ఒక మీట అమర్చింది. నూనెలో కలిపిన మందు తాగిస్తే ఆ రకం కణంలో మాత్రమే మీట పడుతుంది. ఇక ఆ కణమూ, దాని సంతానమూ జీవితాంతం ఎర్రగా వెలుగుతాయి. పోలిక కోసం ఉత్తి నూనె మాత్రమే తాగించిన వాటి చెల్లెళ్లలో మాత్రం ఎరుపు కనబడకూడదు.

వాటిలోనూ కనబడింది.

"ఏంటమ్మాయ్, నీ ఎలుకలు పిలవకుండానే పెళ్లికి ముస్తాబైపోతున్నాయి!" అన్నాడు సీనియర్ మ్యావ్ జ్యె.

ఆమె గైడు ఫాన్ మాస్టారు నవ్వలేదు. "మీట దానంతటదే పడుతోందమ్మా. ఇక ఈ పని వదిలెయ్."

లాన్‌చింగ్ ఎలుకల గదిలోకి వెళ్లి బోను ముందు చతికిలబడింది. మందు తాగిన అక్క పెంటిక వేసింది. నూనె తాగిన చెల్లెలు దాన్ని తాపీగా అందుకుని నమిలింది. ఎలుకల అలవాటే అది, రోజూ చూస్తున్నదే. లాన్‌చింగ్ నెత్తి కొట్టుకుంది. విడదీస్తే బెంగపెట్టుకుంటాయని అన్నిటినీ ఒకే బోనులో పెట్టింది తానే! మందు అక్క కడుపులోంచి చెల్లెలి కడుపులోకి పోతోంది.

"మాస్టారూ, మీట మంచిదే. నా బుద్ధే గడ్డి తింది."

"నీ బుద్ధి గడ్డి తింటే చెల్లెళ్లు ఇంకోటి తిన్నాయన్నమాట," అన్నాడు మ్యావ్ జ్యె.

మాస్టారు తలూపారు. "సరే. ఇదే ఆఖరు."

ఈసారి వేరు బోన్లు. రెండు కాన్పులయ్యాక మాస్టారే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. "ముందు చెల్లెళ్ల గ్రంథులు పెట్టు."

చీకటి. అంచు నుంచి అంచు దాకా వెతికారు. ఇంకొకటి పెట్టించారు. అదీ చీకటే. అన్నీ చీకటే.

"అక్కది."

గ్రంథి మొదలు నుంచి చివరి పాలతిత్తి దాకా కొమ్మకొమ్మా ఎర్రగా వెలుగుతోంది. అంతా లాన్‌చింగ్ చెప్పిన ఆ మూలకణం సంతానమే. మాస్టారు పీట మీంచి లేచారు. "కూర్చో తల్లీ. ఇది నీ చోటు."

లాన్‌చింగ్‌కు కూర్చునే ఓపిక ఎక్కడిది? ఆనందం పట్టలేక వరండాలోకి పరుగెత్తి ఫోను తీసింది.

"అమ్మా! చెల్లెళ్లలో ఏమీ కనబడలేదే! ఏమీ లేదు!"

"ఏమీ కనబడకపోతే ఇంత సంబరం దేనికే?" అంది తల్లి. కూతురి నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి బాణలి కిందికి దించి, సంగతేమిటో తెలియకపోయినా తానూ నవ్వసాగింది.