పలక మీద ధర

మా బిడ్డ పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. బోయిన్‌పల్లి మార్కెట్ బయట కూరగాయల దుకాణం పెట్టుకుంది, మీలో చాలామందికి తెలుసు. దుకాణం మూసి ఉంటే ఊరెళ్లిందనుకున్నారట కొందరు. ఊరెళ్లలేదు. కడుపులో పేగు పగిలి, నాలుగు రోజులు దవాఖాన మంచం మీద ఉండి కన్నుమూసింది. నేను ఐదో తరగతి దాకే చదివాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

దుకాణం ముందు నల్ల పలక ఒకటి వేలాడేది. పొద్దున్నే సరుకు దింపించి, చేతులు కడుక్కుని, సుద్దముక్కతో ధరలు రాసేది. రాసిందంటే సాయంత్రం దాకా మార్చేది కాదు. మధ్యాహ్నానికి టమాటా ఎక్కినా సరే. "గింత పిచ్చిదానివేందే, అందరు పెంచిన్రు గదా" అంటే, "పలక మీద రాసినంక అది నా మాటనే అమ్మా. మాట పొద్దుగూకే దాక ఉండాలె" అనేది. పక్క దుకాణాలవాళ్లు మొదట నవ్వారు. గిరాకీ మా వైపు తిరిగాక వాళ్లూ పలకలు కట్టారు, ధరలూ తగ్గించారు. తనకు కోపం రాలేదు. "పోనీ, జనాలకు అగ్గువైంది గదా" అని మురిసింది.

తువ్వాల కింది బేరమంటే మాత్రం మంట. టోకు సరుకు దగ్గర పాతవాళ్లు కొందరు చేతుల మీద తువ్వాల కప్పుకుని, లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. మా బిడ్డ పోయి ఆ తువ్వాల లాగేసేది. "నోరుండంగ వేళ్లెందుకు మామా? జెర గట్టిగ చెప్పు, అందరు వింటరు." తను వస్తుంటే చాలు, "అగో వచ్చింది, తువ్వాలలు దాచుకోండ్రి" అని అరిచేవాళ్లు.

రాంగోపాల్‌పేట్‌లో ఒక ముసలి డాక్టరున్నాడు. చూసినందుకు ఇంత, కుట్టుకు ఇంత అని తలుపు మీదే రాసి పెట్టాడు. జ్వరమొస్తే బస్సెక్కి ఆయన దగ్గరికే పోయేది. "పెద్ద దవాఖానలు సుత గిట్ల రాస్తే అన్నీ దిగొస్తయమ్మా, మన పలకల లెక్క" అనేది.

ఆ రోజు పలక రాసి, కడుపు పట్టుకుని కింద కూర్చుంది. ఆ డాక్టరే చూసి, పేగు వాచింది, నేను ఆపరేషన్లు చేయను, ఇవాళే ఎక్కడైనా చేయించండి అన్నాడు. చేయించేవాళ్లమే. కానీ నాలుగు చోట్ల ధర అడగనిదే డబ్బుల సంచి విప్పొద్దని చిన్నప్పుడు నేనే నేర్పాను. అడిగింది.

మొదటి దవాఖానలో "ఎంతైతది సార్?" అంటే, "ముందు అడ్మిట్ చేయండి, తర్వాత చెప్తాం" అన్నారు. సర్కారు ఇచ్చిన ఆరోగ్య కార్డు చూపిస్తే, కార్డు మంచాలు ఖాళీ లేవు, క్యాష్ అయితే ఉన్నాయి అన్నారు. రెండోచోట కౌంటర్ దగ్గరి పిల్ల, "ప్యాకేజీని బట్టి ఉంటది మేడమ్" అంది. ఏ ప్యాకేజీ ఎంతో చెప్పలేదు. ఆటోలో వంగిపోయి కూడా నా బిడ్డ నవ్వింది.

"గిది సుత తువ్వాల కింది బేరమే అమ్మా."

"నొప్పుంది గదనే, ఏదో ఒకదాంట్ల చేరు."

"నువ్వే గదమ్మా నేర్పింది. ఇంకొక్క చోట అడుగుదాం."

మూడోచోట అడగకముందే బల్ల మీద ఒరిగిపోయింది. అప్పటికి పొద్దు వాలింది. తనను చక్రాల మంచం మీద లోపలికి తోసుకుపోతుంటే వెనక పరుగెత్తాను. అప్పుడు కూడా నా నోట వచ్చింది అదే మాట, "ఎంతైతదయ్యా?" అని. ఎవరూ తిరిగి చూడలేదు.

నాలుగు రోజులకు తను పోయాక మాత్రం బిల్లు రాసి ఇచ్చారు. ఎన్ని కాగితాలో! సూదికి, దూదికి, చేతి తొడుగులకు, ఒక్కొక్కదానికి వేరువేరుగా ధర. అంత శుభ్రంగా రాయడం వచ్చినవాళ్లకు మొదటి రోజు ఒక్క అంకె చెప్పడం రాలేదు.

మా వీధిలో ఉండే పంతులుగారు పరామర్శకొచ్చి, "దవాఖాన అంగడి కాదమ్మా. నొప్పితో ఉన్నవాళ్లు బేరమాడగలరా? సర్కారే చూసుకోవాలి" అన్నారు. మంచివారు, ఎదురు చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను. కార్డు ఇచ్చింది సర్కారే కదా సార్, మంచమేది? బేరమాడలేనివాళ్లకే గోడ మీద ధర ఉండాలి. మా బిడ్డ తగ్గించమని అడగలేదు. ఎంతో చెప్పమంది. చెప్పి ఉంటే మొదటి గుమ్మంలోనే ఆగేవాళ్లం. గొలుసు నా మెడలోనే ఉంది, ఇప్పటికీ ఉంది.

నేను నేర్పిన మాట వంకాయలకు పనికొచ్చింది. బిడ్డకు పనికిరాలేదు.

మొన్న దుకాణం తెరిచాను. పలక మీద ఆ పొద్దున రాసినవే ఉన్నాయి. టమాటా, బెండ, దోస, పక్కన తన గుండ్రటి అంకెలు. టమాటా ఇప్పుడు రెండింతలైంది. ఒకామె పలక చూసి, "గీ ధరకే ఇస్తవా పెద్దమ్మా? నీకు నష్టం గదా" అంది. సంచి పట్టమన్నాను. ఆ ధరకే తూచాను. త్రాసు పక్కన తన సుద్దముక్క, సగం అరిగింది, పెట్టిన చోటనే ఉంది.