కనబడుడు, సూపెట్టుడు

ఈ ఉదయం సూర్యాపేట బజారులో ఒక లుంగీ కొన్నాను. షాపతను మడత విప్పి బల్ల మీద పరవగానే కొత్త నూలు గుడ్డకుండే గంజి వాసన గుప్పుమంది. ఖాకీ బట్టల్లో ఉన్న ఆడమనిషి పొద్దున్నే వచ్చి లుంగీ అడగడం అతనికి వింతగా తోచినట్టుంది. "ఎవరికి మేడం? నాయనకా?" అన్నాడు. నేను ముదురు నీలం రంగుది ఒకటి చూపించమన్నాను. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది మా నాన్న కాదు, సైదులు గారు.

నేను ఎస్సైగా మొదటి పోస్టింగు మీద మిర్యాలగూడ దగ్గరి ఒక స్టేషనుకు వెళ్లినప్పుడు ఆయన అక్కడ హెడ్ కానిస్టేబుల్. హోదాలో నా కింద, వయసులో మా నాన్న ఈడు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. దవడలో ఎప్పుడూ ఒక వక్క ముక్క నానుతూ ఉండేది. ఆయన మోటారు సైకిలు పక్కపెట్టెలో ఉతికి మడత పెట్టిన లుంగీ ఒకటి, ఆడవాళ్లు వేసుకునే నైటీ ఒకటి ఉండేవి. నేను చేరిన మొదటి వారంలో అవి చూసి, "ఇవేంటండీ, ఎక్కడైనా పట్టుకున్న సొత్తా?" అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వి, "లాఠీ ఎంతనో ఇవి గుడ అంతే మేడం. అవసరమైతయ్" అన్నారు. అప్పుడు నాకు చట్టమంతా కంఠతా వచ్చన్న పొగరు ఉండేది. ఆ మాట చెవిన వేసుకోలేదు.

అవసరం తొందరగానే వచ్చింది. బస్టాండు దగ్గర మతి చలించిన మనిషి ఒకడు ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడ్డాడని ఫోను. మేం వెళ్లేసరికి చుట్టూ జనం, కొందరి చేతుల్లో సెల్‌ఫోన్లు. నేను దూరం నుంచే "ఏయ్, నీ పేరేంటి? ఏ ఊరు?" అని గద్దించాను. అతను బిత్తరపోయి గోడకు కరుచుకున్నాడు. సైదులు గారు నన్ను దాటుకుని వెళ్లి, అతనికి లుంగీ చుట్టి, ముడి వేసి, చాయ్ తెప్పించారు. సగం గ్లాసు తాగాక అతనే తన పేరు చెప్పాడు, గరిడేపల్లి అని ఊరూ చెప్పాడు. తిరిగి వస్తూ ఆయన నాతో, "బట్టలేనోన్ని పేరు అడగొద్దు మేడం. బట్ట కట్టినంక అడిగితే వాడే సెప్తడు" అన్నారు. నాకు కొంచెం సిగ్గేసింది గానీ పైకి ఒప్పుకోలేదు.

ఆ విషయంలో నా కాఠిన్యానికి ఒక కారణం ఉంది. నేను కోదాడ పిల్లను. పదో తరగతిలో ఉండగా బస్టాండు వెనక సందులో ఒక మనిషి నా దారికి అడ్డంగా నిలబడి, కావాలనే లుంగీ తొలగించి నవ్వాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ దారినే కాదు, బడినే మాన్పిస్తారని భయం. ఏడాది పొడవునా చుట్టు తిరిగి బడికి వెళ్లాను. అందుకే రోడ్డు మీద దిసమొలగా కనిపించిన ఏ మగవాడైనా నాకు ఆ మనిషే.

సరోజన టీచర్ పిటిషన్ తెచ్చింది ఆ రోజుల్లోనే. త్రిపురారం వైపు కాలువ పక్కన కొత్తగా వెలిసిన కాలనీలో ఉండే రిటైరైన టీచరమ్మ ఆవిడ. "రైసుమిల్లు హమాలీ ఒకాయన సాయంత్రం పూట కాలువల బరిబత్తల తానం చేస్తుండమ్మా. నా మనుమరాలు ట్యూషన్ నుంచి అదే తొవ్వన వస్తది. నిన్న పిల్ల ఏడ్సుకుంట ఇంటికొచ్చింది" అంది. నేను నిప్పు తొక్కినట్టు లేచాను. గంటలో ఆ మనిషిని స్టేషనుకు పట్టుకొచ్చాను.

పేరు రూప్లా. దామరచర్ల దగ్గర తండా మనిషి, నలభై ఏళ్లుంటాయి. మాట మాటకీ దగ్గుతున్నాడు. "తవుడు దుమ్ము మేడం. పెయ్యంత దురద. అంగీ లుంగీ నిండ అదే దుమ్ము. గవి పిండి కట్ట మీద ఆరేసి, ఆరేదాంక నీళ్లల్లనే కూసుంట. లేశేటప్పుడు ఎవలన్న సూశిండ్రేమో, నాకెర్కలేదు" అన్నాడు. నేను వినలేదు. మాకు అలవాటైన వాక్యం ఒకటుంది, చెయ్యి దానంతటదే రాసేస్తుంది: 'బహిరంగ ప్రదేశంలో నగ్నత్వాన్ని ప్రదర్శించాడు.' చిత్తుప్రతిలో అదే రాసి, కింద సెక్షను వేశాను.

సైదులు గారు ఆ కాగితం చదివి, నా బల్ల మీది దొంతరలోంచి ఇంకో కాగితం లాగి పక్కన పెట్టారు. అదీ రూప్లాదే. దామరచర్ల కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని కోసం గేటు పాసుకు పెట్టుకున్న దరఖాస్తు. అతని మీద కేసులేమీ లేవని స్టేషను రాసివ్వాలి. కేసు పడితే పాసు రాదు. ఆ తవుడు దుమ్ములోంచి బయటపడడానికి అతనికున్న దారి అదొక్కటే. "జర ఆగుండ్రి మేడం. రేపు బందోబస్తుకు పోయొచ్చినంక సంతకం పెడుదురు" అన్నారు. విసుక్కుంటూనే ఆగాను.

ఆ బందోబస్తు సూర్యాపేట హైవే మీద. ఒక జైన దిగంబర ముని కాలినడకన కోదాడ వైపు వెళ్తున్నారు. ముందు నేను, వెనక సైదులు గారు, పక్కన లారీలను ఆపుతూ కానిస్టేబుళ్లు. తెల్లవారి ఎండలో ఆ పెద్దాయన చేతిలో నెమలి ఈకల కుంచెతో, ఎవరినీ చూడకుండా, నేల చూసుకుంటూ నడిచారు. వ్యాపారస్తుల ఇళ్ల ఆడవాళ్లు పిల్లలతో సహా వచ్చి దండాలు పెట్టారు. మొదట నేను తల తిప్పుకునే నడిచాను. కొంతదూరం పోయాక గమనించాను, నాకు భయం వెయ్యడం లేదు. అసహ్యమూ లేదు. నిన్న ఒకణ్ణి బట్టల్లేవని స్టేషన్లో కూర్చోబెట్టిన దాన్ని, ఇవాళ బట్టల్లేని మనిషికి దారి చేస్తున్నాను. నవ్వూ వచ్చింది, తికమకా పడ్డాను.

బందోబస్తు అయ్యాక దాబాలో చాయ్ తాగుతూ సైదులు గారికి కోదాడ బస్టాండు సంగతి చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక మనిషికి చెప్పడం. ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన వక్క నమలడం ఆపేశారు. "అప్పుడు నేనుంటే వాన్ని బొక్కల ఏస్తుంటి మేడం" అన్నారు. తర్వాత మెల్లగా, "వాడు సూపెట్టిండు. రూప్లా కనబడ్డడు. సూపెట్టుడు ఏరు, కనబడుడు ఏరు. మీ కాయిదంల ఏమని రాసిండ్రు?" అని అడిగారు.

'ప్రదర్శించాడు' అని రాశాను. కోదాడ బస్టాండు మనిషికి పడాల్సిన మాట అది. అతను దొరకలేదు కాబట్టి దొరికినవాడికి అంటగట్టాను. ఆ సంగతి తెలిసి నా మీద నాకే కోపం వచ్చింది.

స్టేషనుకు వచ్చి ఆ మాట కొట్టేసి 'కనిపించాడు' అని రాసి చూశాను. ఆ ఒక్క మాట మారేసరికి కింద సెక్షను నిలబడలేదు. మర్నాడు టీచరమ్మనీ రూప్లానీ మిల్లు సేటునీ పిలిపించాం. ఆవిడ కోపంలో న్యాయం ఉందని నాకు తెలుసు. "ఆయన జైలుకు పోతే నాకేమొస్తది బిడ్డా? నా మనుమరాలు తల ఎత్తుకొని నడవాలె, గంతే" అంది. సేటు కాసేపు గొణిగి, చివరికి మిల్లు వెనక రేకులతో స్నానాల గది కట్టించి పంపు పెట్టించాడు. రూప్లా ఆవిడకు చేతులు జోడించి తప్పయిందన్నాడు. గేటు పాసు కాగితం మీద నేనే సంతకం పెట్టాను.

ఒకరోజు సైదులు గారిని గిల్లాను: "ఇన్ని చిక్కులెందుకండీ, ఆ చట్టమే తీసేస్తే పోదూ?" ఆయన ఠక్కున, "తీసేస్తే మీ కోదాడోడు దర్జాగ తిరుగుతడు మేడం. సట్టం ఉండాలె. ఎవని మీద ఎయ్యాల్నో సూశే కండ్లు గుడ ఉండాలె" అన్నారు. ఈ సంగతి మీద టీవీల్లో జరిగే వాదనలు అప్పుడప్పుడూ వింటుంటాను. ఇంతకంటే ఎక్కువ చెప్పినవాళ్లు నాకు కనిపించలేదు.

రిటైరయ్యాక ఆయన సూర్యాపేటలో కూతురి దగ్గరికి వచ్చేశారు. నాకూ ఇన్‌స్పెక్టరుగా ఇక్కడికే బదిలీ అయింది. మతిమరుపు జబ్బు వచ్చిందని కూతురు ఫోనులో చెబితే, చూడ్డానికి వెళ్లాలి వెళ్లాలి అనుకుంటూనే రోజులు గడిపేశాను. ఆ తప్పు నాది.

నిన్న పొద్దున ఏడింటికి ఒక ఫోను. కొత్త కాలనీలో ఒక ముసలాయన బట్టల్లేకుండా తిరుగుతున్నాడని. వెళ్లేసరికి గేటు దగ్గర ఒకాయన, "కేసు పెట్టుండ్రి మేడం, ఆడోళ్లు తిరిగే జాగ ఇది" అని రంకెలు వేస్తున్నాడు. జీపులో ఎప్పుడూ పెట్టుకుని ఉండే లుంగీ తీసుకుని దిగాను. ప్రహరీ గోడ పక్కన నీళ్ల పంపు దగ్గర, సన్నగా, పొడుగ్గా, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. దవడ మాత్రం వక్క నములుతున్నట్టు కదులుతోంది.

నన్ను గుర్తుపట్టలేదు. నేను ఏమీ అడగలేదు. లుంగీ చుట్టి, జారకుండా ముడి వేసి, చాయ్ తెప్పించాను. సగం గ్లాసు అయ్యాక, "మీ పేరేంటి సార్?" అన్నాను.

"సైదులు. హెడ్డు." కాస్త నిటారుగా కూర్చున్నారు. నా భుజం మీది నక్షత్రాలు చూసి, "కేసు రాస్తున్నవా బిడ్డా?" అన్నారు.

"లేదు సార్. డైరీలో ఒక మాట రాసుకోవాలి."

"ఏమని?"

"ఒక పెద్దాయన కనిపించారని."

ఆయన ఆ మాటను వక్కలా నోట్లో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "ఆఁ. గట్లనే రాయి" అన్నారు. ఇంటికి చేర్చి, జీపెక్కాక ఏడ్చాను.

లుంగీ ఉతికి పంపిస్తానని కూతురు అంది. వద్దన్నాను, అది ఇక ఆయనదే. అందుకే ఇవాళ ఈ షాపు. అతను లుంగీని కాగితంలో చుట్టి ఇస్తూ, ఊరుకోలేక మళ్లీ అడిగాడు: "ఇంతకీ ఎవరికి మేడం?"

"ఎవరికో ఇంకా తెలీదండీ" అన్నాను.