తోడుపుట్టిన పెయ్య

మా బావ ఆవు కవలల్ని ఈనిందని ఫోను వచ్చేసరికి నేను ఉద్యోగం నుంచి దిగి రెండేళ్ళు దాటింది. పశువుల ఆసుపత్రిలో పనిచేసినవాడికి రిటైర్మెంట్ కాగితం మీదే ఉంటుంది. చుట్టాల్లో ఎవరి గేదె మేత మానేసినా, ఎవరి ఆవు మాయ పడకపోయినా ఫోను నాకే వస్తుంది. ఆమదాలవలస నుంచి నాగావళి గట్టు వెంబడి స్కూటర్ మీద బావ ఊరు వెళ్ళాను. బావ అంటే మా అక్క భర్త.

ఆవు నుదుటికి అప్పటికే పసుపూ కుంకుమా పెట్టేశారు. దూడలు రెండూ గోనెపట్టా మీద పడుకుని ఉన్నాయి. ముందు పుట్టింది కోడెదూడ, వెనక వచ్చింది పెయ్య. ఊళ్ళో సగంమంది పశువుల సాల ముందే ఉన్నారు. జంట పుట్టడం శుభమట. మా బావ కండువా నడుముకి బిగించి, తనే ఈనినంత హడావిడి చేస్తున్నాడు.

తల్లినీ పిల్లలనీ చూసి, మాయ పడిందని నిర్ధారించుకుని, చేతులు కడుక్కున్నాను. ఆ పని అయ్యాక చెప్పవలసిన మాట చెప్పాను.

"బావా, కోడెకి ఢోకా లేదు. పెయ్య మీద మాత్రం ఆశ పెట్టుకోకు. కోడెతో కలిసి పుట్టిన పెయ్య చూడి కట్టదు."

"ఎవులు సెప్పేరు?"

"ఎవరు చెప్పడమేటి, ఉద్యోగమంతా చూస్తూనే వచ్చాను."

"నువ్వు సూసింది నీ సర్వీసు. మా నాన్న కాలంలో ఇదే సాల్లో జంట పెయ్యలు పుట్టేయి. రెండూ ఈనేయి. అందులో ఒకదాని పాలు తాగే నేనింతోణ్ణయ్యేను. నీ పుస్తకం అప్పటికి పుట్టిందేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అవి రెండూ పెయ్యలనీ, ఇక్కడ ఒకటి కోడె అనీ, తేడా అంతా అక్కడే ఉందనీ చెప్పాను. మా జిల్లాలో పశువులున్న ప్రతి ఇంట్లోనూ ఈ పొరపాటు చూశాను. ఎప్పుడో ఎవరింట్లోనో పుట్టిన జంట పెయ్యలు ఈనాయి కాబట్టి జంటలో పుట్టిన పెయ్య ఏదైనా ఈనుతుందని లెక్క. తోడుపుట్టింది ఏదో ఎవరూ అడగరు.

"అన్నీ గొడ్డే అవుతాయేటి?" అన్నాడు బావ, జనం కాస్త పలచబడ్డాక.

"పదింటిలో తొమ్మిదికి పైగా అంతే."

"అయితే పదోది ఉన్నాది కదా."

ఉంది. అబద్ధం చెప్పడం నాకు రాదు. ఆ రాత్రి ఎప్పటిలాగే డైరీ రాసుకుని పడుకున్నాను. బావ నా మాట నమ్మలేదనుకున్నాను. చాలాకాలం అలాగే అనుకున్నాను.

మూడున్నరేళ్ళు గడిచాయి. ఒక ఉదయం మా గుమ్మం ముందు ఒకావిడ పెద్ద పశువుని పట్టుకుని నిలబడింది. నలభై దాటిన మనిషి, కాళ్ళకి మోకాళ్ళ దాకా దుమ్ము. ఏటి అవతల ఊరినుంచి తెల్లారకముందే బయల్దేరి నడిపించుకుని వచ్చిందట. వాళ్ళ ఊరికి వచ్చి పశువులకి సూది వేసే గోపాలమిత్ర కుర్రాడు నా దగ్గరికి వెళ్ళమన్నాడట.

"ఈడు దాటిపోతన్నాది బాబూ. ఊళ్ళో దీని ఈడువన్నీ ఈనేసేయి. ఇది ఒక్కసారి కూడా ఎదకి రానేదు. అరవదు, ఆడదు. గడ్డి మాత్రం తింటాది."

చూడగానే సగం తెలిసింది. పెయ్య అంటే పెయ్యే, కానీ మెడ కోడెలా దట్టంగా ఉంది. ముందరి భాగం బరువు, వెనక భాగం సన్నం. తోక కింద మానం దగ్గర పొడుగాటి వెంట్రుకల కుచ్చు. ఒళ్ళు మాత్రం అద్దంలా మెరుస్తోంది. అలా మెరవాలంటే రోజూ ఏటిలో కడగాలి.

"జంటలో పుట్టిందా?" అని అడిగాను.

"నేదు బాబూ, ఒంటిదే అన్నారు. నాది కాదిది. సగానికి పెంచతన్నాను."

సగానికి పెంచడం అంటే మా వైపు తెలియనివాళ్ళు లేరు. పాలు మరిచిన పెయ్యని యజమాని ఒకరికి ఇస్తాడు. మేత, నీళ్ళు, కాపలా వాళ్ళవి. అది పెరిగి మొదటి ఈత ఈనాక ఇద్దరూ కూర్చుని ధర కడతారు. సగం ధర ఎవరు ఎదుటివారికిస్తే ఆవు వారిది. చేతిలో ఏమీ లేనివాళ్ళు పాడి సంపాదించుకునే దారి అదొక్కటే. ఈవిడ ఇంట్లో తన అత్త నాటినుంచీ సొంత పాడి లేదు. ఉపాధి పనికి వెళ్ళేముందు గట్ల మీద గడ్డి కోసి మోపు దింపేది. పని నుంచి వచ్చాక దాన్ని ఏటికి తోలేది.

"మా ఇంటికి ఎవులొచ్చినా నల్ల టీయే ఇస్తాను బాబూ," అంది. "ఇది ఈనితే పాల టీ ఇద్దామని."

ఎవరి పశువని అడిగాను. మా బావ పేరు చెప్పింది. వరినాట్లకి ఆయన పొలానికి వచ్చినప్పుడు పిలిచి ఇచ్చాడట.

చేతికి తొడుగు వేసుకుని పేడదారిలోంచి లోపల తడిమి చూశాను. ఎన్నో వేల పశువుల్లో చెయ్యి పెట్టినవాణ్ణి. గర్భసంచి ఉండవలసిన చోట వేళ్ళకి తగిలినవి రెండు సన్నని నూలుపోగులు. అండాశయాలు తగలనే లేదు. యోని మార్గం బెత్తెడు కూడా లేకుండా మూసుకుపోయింది. అది కూడా పరీక్ష చేశాక ఇక అనుమానం మిగల్లేదు.

చెయ్యి కడుక్కుంటూ, ఎలా చెప్పాలా అని ఆలోచించి, ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఇది జంటలో కోడెతో పుట్టింది. దీనికి చూడి నిలవదు. మందు లేదు. సూది లేదు.

ఆవిడ ఏడవలేదు. "ఎలాగ?" అంది. ఎలాగని అడిగినవాళ్ళకి చెప్పడం నా ఉద్యోగంలో నాకు ఇష్టమైన పని. చాలామంది అడగరు. నేను వాకిట్లోనే కూర్చుని చెప్పాను. తల్లి కడుపులో పిండం ఇంకా వడ్లగింజంత ఉన్నప్పుడే, తర్వాతి తరానికి కావలసిన బీజకణాలు తయారవుతాయి. అవి పుట్టేది పిండం ఒంట్లో కాదు, దాన్ని ఆనుకుని ఉండే ఒక సంచి గోడలో. అక్కడినుంచి పేగు వెంబడి పాక్కుంటూ వెళ్ళి, నడుము లోపల రెండు చిన్న గట్ల మీద చేరతాయి. ఆ గట్లకి అప్పటికి ఆడా మగా ఏదీ తేలదు. పిండం ఆడదైతే అవి అండాశయాలవుతాయి, మగదైతే వృషణాలు. ఆవు కడుపులో కవలలు ఉంటే రెండు మాయలూ అతుక్కుని నెత్తుటి నాళాలు కలిసిపోతాయి. మగదాని వృషణాలు ముందు తయారవుతాయి. దాని నెత్తుట్లో ఊరిన రసాలు పెయ్యలోకి పారతాయి. పెయ్యకి గర్భసంచి ఎదగదు. అంత దూరం పాక్కుంటూ వచ్చి గట్టెక్కిన బీజకణాలు చచ్చిపోతాయి. కోడెకి మాత్రం ఏమీ కాదు.

ఆవిడ అంతా విని పశువు మెడ కింద గోకింది.

"అంటే అన్నకేటీ కాదు. సెల్లి వాటా కడుపులోనే మింగీసేడన్నమాట."

"అన్న తప్పు కాదది."

"అవును, కోడెదూడకేటి తెలుసు," అంది. "తెలిసినోళ్ళు బయటుంటారు."

అప్పటికి నాకూ అర్థమయింది. జంట పుట్టడం శుభమని ఊరందరికీ పసుపు పంచిన మనిషి, ఈవిడకి ఇచ్చేటప్పుడు ఒంటిదని ఎందుకన్నాడు? నా మాట నమ్మని మనిషి అయితే, జంటలో పుట్టిందని డప్పు కొట్టి మరీ ఇచ్చేవాడు. బావ నా మాట నమ్మాడు. మొదటి రోజే నమ్మాడు.

మర్నాడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని బావ ఊరు వెళ్ళాను. బావ అరుగు మీద పేపరు చూస్తున్నాడు. నేను పైన కూర్చున్నాను, ఆవిడ కింద మెట్టు దగ్గర నిలబడింది. సంగతి చెప్పాను. పక్క ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే చేరారు. మా అక్క గుమ్మం దాకా వచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ అడిగింది పెద్ద కోరిక కాదు. ఆ ఏడు ఆ కవలల తల్లి మళ్ళీ ఈనింది. ఒంటి పెయ్య, సాలలో గెంతుతోంది.

"దీన్ని మీరు తీసీసుకోండి బాబూ. ఆ సిన్న పెయ్యనియ్యండి. మళ్ళీ మొదలెడతాను. మూడేళ్ళు పోతే పోయేయి."

"సగం ఎప్పుడొస్తాది?" అన్నాడు బావ. "ఈనితే. ఈననిదానికి దేంట్లో సగమియ్యను? ఇది నేను పెట్టిన కట్టుబాటేటి?"

"బావా, పుట్టిన రోజే నీకు చెప్పాను," అన్నాను.

"సెప్పేవు. పదోది ఉన్నాదని కూడా నువ్వే సెప్పేవు. ఆ పదోదాని మీద ఆశ పెట్టుకున్నాను. ఆశ తప్పా?"

ఆశ ఆయనది. గడ్డి ఆవిడది. ఆ మాట అనేశాను కూడా. ఎవరో "నిజమే" అన్నారు, ఎవరన్నారో తెలియలేదు. బావ మొహం గంటుపెట్టుకున్నాడు.

"మరి ఆవిడకెందుకు చెప్పలేదు, కోడెతో పుట్టిందని?" అని అడిగాను.

"సెప్తే పట్టుకెళ్తాదేటి?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. అరుగు మీద మరో ఇద్దరు నవ్వారు. గట్టి బేరం ఆడినవాణ్ణి చూసి నవ్వినట్టు. నేను ఆవిడ వైపు చూడలేకపోయాను.

ఆవిడ ఇంకో మాట చెప్పింది. "అయితే దీన్నే నాకు ఒగ్గీండి. మా మరిదికి ఒంటెద్దు ఉన్నాది. ఇది ఎద్దులాగే ఉన్నాది కదా. జత కట్టి దున్నుకుంటాం."

బావ పేపరు పక్కన పడేసి చెంపలు వేసుకున్నాడు. "ఆవు మెడ మీద కాడి పెడతావేటే? నా సాల్లో పుట్టిందాని మీద? ఆ పాపం నాకొద్దు."

ఈ మాటకి మాత్రం అందరూ తలలూపారు. నేను ఎంత చెప్పినా లాభం లేకపోయింది. అది ఆవు కాదు, ఎప్పటికీ తల్లి కాదు, ఒంట్లో సగం కోడే, దున్నగలదు అన్నాను. పాపం కాని పని ఏమిటో రెండు వారాల్లో తేలింది. పశువుని సంతకి తోలాలని బావ నుంచి ఆవిడకి కబురు వెళ్ళింది.

తోలడానికి బావ పాలేరు వెళ్తే అది కదల్లేదట. ఆవిడ వెనక తప్ప ఎవరి వెనకా నడవదు. అందుకని సంతకి కూడా ఆవిడే తీసుకొచ్చింది. కూలి మానుకుని. నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చివరి క్షణంలో బావ మనసు మారుతుందని అనుకుని ఉంటాను.

బేరగాడు వచ్చాడు. పాడికా, దుక్కికా అని అడగలేదు. నోరు తెరిచి పళ్ళు చూడలేదు. సుడులు చూడలేదు. వెనక తొడ మీద అరచెయ్యి వేసి కండ ఎంతుందో నొక్కి చూశాడు, తర్వాత నడుము మీద. అలా చూసేవాడు ఎందుకు కొంటున్నాడో సంతలో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. సాలూరు వైపు వెళ్ళే లారీ ఒకటి చింతచెట్టు కింద తలుపు దించి ఉంది. చెంపలు వేసుకున్న చేతుల్తోనే మా బావ కండువా కింద వేళ్ళు కలిపి బేరం తెంపాడు.

పెంచినందుకు ఏదో ఒకటి ఇవ్వమని ఊరివాళ్ళు అన్నారు కాబట్టి ఆవిడ చేతిలో మడత పెట్టిన నోట్లు కొన్ని పెట్టాడు. ఆవిడ విప్పి చూడకుండా కొంగున ముడివేసుకుంది.

బేరగాడు తన నైలాను తాడు పశువు మెడకి వేశాడు. ఆవిడ తన పలుపు విప్పింది. గోగునారతో పేనిన పలుపు, మూడేళ్ళ చేతి రాపిడికి నున్నగా అయింది. చుట్ట చుట్టి భుజాన వేసుకుంది. పశువుని అమ్మినా పలుపు ఇవ్వకూడదు. పలుపుతో సహా ఇస్తే సాలలో లక్ష్మి వెళ్ళిపోతుందంటారు.

బావ చెయ్యి చాపాడు. "పలుపిటియ్యి. అది మా సాలకి రావాల."

"ఇది నేను పేనింది బాబూ."

"ఎవులు పేనితే ఏటి? పశువు నాది కాదేటి?"

ఆవిడ భుజం మీది పలుపు తీసి, రెండు చేతుల్తో ఆ కొసా ఈ కొసా పట్టుకుని బావ ముందు సాగదీసింది.

"సగానికే కదా బాబూ పెంచేను. కత్తుంటే కొయ్యండి. మీ సగం మీకు, నా సగం నాకు."

బేరగాడు పెద్దగా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు, ఈసారి బావని చూసి. నేను నవ్వలేదు. బావ సిగ్గుపడి వదిలేస్తాడని ఎదురుచూశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అంతే. ఆవిడ చేతుల్లోంచి పలుపు మొత్తం లాక్కుని, చుట్టి, మోటారుసైకిలు హ్యాండిలుకి తగిలించుకున్నాడు.

పశువు లారీ పలక ఎక్కనని మొరాయించింది. బేరగాడు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ వెళ్ళి ముందు తను ఎక్కింది. అది ఆమె వెనకే ఎక్కింది. ఆవిడ పక్కనుంచి దిగిపోయి, అటు తిరిగి చూడకుండా బస్సు ఆగే చోటికి నడిచింది.

ఆ తర్వాత నేను బావ సాలలో అడుగుపెట్టలేదు. ఎవరి పశువు ఈనినా వెళ్తున్నాను, బావ ఫోను చేస్తే మాత్రం గోపాలమిత్ర కుర్రాడి నంబరు ఇస్తున్నాను. మొన్న మా అక్క ఫోను చేసింది. అవీ ఇవీ మాట్లాడి, చిన్న పెయ్యని ఏటి అవతల ఇంకెవరికో సగానికి ఇచ్చేశారని చెప్పింది. ఎవరికో పేరు అడిగాను. అక్కకి తెలియదట.