మూగ టీవీ ముందు చిన్నొదిన

మొన్న మా మనవరాలు ఫోన్ మాట్లాడుతూ టీవీ గొంతు నొక్కేసింది. తెరమీద నలుగురు నాయకులు చప్పుడు లేకుండా చేతులు ఊపుతుంటే నాకు నవ్వాగలేదు. మానుకోటలో మా పుట్టింటి టీవీ గుర్తొచ్చింది.

అవి తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులు. ఎన్నికల ముందు అభ్యర్థులను టీవీలో ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. మా పెద్దన్న తన హోల్‌సేల్ కిరాణా దుకాణం తొందరగా కట్టేసి, ఆ చర్చలు చూడటానికి బజారు బజారునే ఇంటికి పిలిచేవాడు. ఎవరి తూకం వాళ్లది. "నడుమల నీళ్లు తాగిండంటే ఓడినట్టే" అని పసుపు వ్యాపారి తీర్పు. నలిగిన చొక్కాకు ఓటెవరు వేస్తారని ఇంకొకాయన దిగులు. పెద్దన్నకు మాత్రం వేరు రాష్ట్రం అడిగినవాడు తుమ్మినా న్యాయంగానే వినిపించేది.

అదే పెద్దన్న ఇంట్లో వేరు పొయ్యి మాట ఎత్తనిచ్చేవాడు కాదు. చిన్నన్న భార్య, మా చిన్నొదిన, తన వంట తాను వండుకుంటానని ఏళ్లుగా మొగుడి చెవిలో పోరుతోంది. ఆ ఇంట్లో పెద్దొదిన పప్పంటే పప్పు, చారంటే చారు. చిన్నన్నకేమో అన్న ముందు నోరు పెగలదు. ఇక బావగారి ఎదుట పడటమే తప్పని పెరిగిన పిల్ల ఆమె. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ తలుపు చాటునే ఉండేది, ఇన్నేళ్లలో ఆయనతో ఒక్క మాట మాట్లాడి ఎరగదు. ఆమెను చూస్తే నాకు జాలేసేది. కానీ నాలుగు రోజులుండి పోయే ఆడపడుచు మాట ఎవరు వింటారు?

ఓ సాయంత్రం చర్చ రసపట్టులో ఉండగా టీవీ గొంతు పోయింది. పెద్దన్న రెండు దెబ్బలు వేసి, బొమ్మ కూడా పోతుందేమోనని ఆగాడు. తెరమీద, రాష్ట్రం కలిసే ఉండాలనే అభ్యర్థి వేలు చూపిస్తున్నాడు. పెద్దన్న వెక్కిరింపుగా ఆయన మాటలు తానే అందుకున్నాడు: "కలిసుంటెనే బలం. వేరువడి ఎట్ల బతుకుతరు?" అందరూ నవ్వారు. అంతలో వేరు రాష్ట్రం అడిగే అభ్యర్థి నోరు తెరిచాడు. ఆ మాటలు తలుపు చాటు నుంచి వచ్చాయి.

"ఎట్లనో గట్ల బతుకుతం. మా కూడు మేం వండుకుంటం. ఇన్నేండ్లు మీరు పెట్టిందే తిన్నం, మీరు చెప్పిందే ఇన్నం. వేరువడితే పగోళ్లమైతమా? పక్కపక్కనే ఉంటం."

"శాబాష్, గట్ల అడగాలె. మనోడే గెలిచిండు" అని పెద్దన్న తొడ చరిచాడు.

"గెలిచినట్టేనా, బావ?" అంది తలుపు చాటు గొంతు.

పెద్దన్న ముఖం ఎర్రబడింది. చెంబు అందుకుని గటగటా తాగాడు. "నీళ్లు తాగిండు" అన్నాడు పసుపు వ్యాపారి.

ఆ వారంలోనే వెనక వసారాలో చిన్నొదిన పొయ్యి వెలిగింది. రాష్ట్రానికి మాత్రం ఇంకా ఏళ్లు పట్టింది. తర్వాతి చర్చ ముగిశాక పెద్దన్న ఆ వసారా గడప దగ్గర నిలబడి, నేల చూస్తూ, "ఎవలు మంచిగ మాట్లాడిన్రమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆ మాటలు పెద్దన్న పోయేదాకా సాగాయి. అంతకుముందు ఒకే పొయ్యి కూడు తింటూ, ఒక్క మాటా లేకుండా గడిచిపోయిన ఏళ్ల గురించే నాకు ఇప్పటికీ దిగులు.