మంచు కనుమలో ఎర్ర బాణాలు

నా ఉద్యోగ విరమణకు ఇంకా నాలుగేళ్లు ఉన్నాయనగా, ఒక జనవరిలో, కొండదారుల నిర్వహణ మీద శిక్షణకు జపాన్ వెళ్లమని ఉత్తర్వులు వచ్చాయి. అప్పుడు నేను చిత్తూరులో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరును, అంటే ఒక సబ్ డివిజన్ రోడ్లన్నిటికీ, అందులోని ఘాట్ రోడ్డుకూ బాధ్యుణ్ణి. నాతోపాటు ఐరాల వాడైన అసిస్టెంట్ ఇంజనీరు మునిరత్నం ఎంపికయ్యాడు. మండుటెండల్లో తారు పోయించిన వాళ్లం మేము. తిరుపతిలో స్వెట్టర్లు కొనేటప్పుడే ఇద్దరికీ పండగలా ఉంది.

జపాన్ ఉత్తరాన ఒక కొండ ఊరి నుంచి మరో ఊరికి వ్యానులో బయలుదేరాం. నడిపేది తనాబే గారు, అరవై దాటిన రోడ్డు మేస్త్రీ. మాటలు తర్జుమా చేయడానికి యూకీ అనే అమ్మాయి వచ్చింది. దారికి రెండు వైపులా మనిషెత్తు మంచు గోడలు. మునిరత్నం కిటికీ వదలకుండా ప్రతి వంతెననూ ఫొటో తీశాడు.

కనుమ ఎక్కుతుండగా గాలి లేచింది. పట్టపగలు, రెండు నిమిషాల్లో, చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేకుండా పోయింది.

"సార్, రోడ్డు యాడుండాది? ఈయన దేన్ని సూసి తోలతా ఉండాడు?" అన్నాడు మునిరత్నం.

తనాబే వేలెత్తి పైకి చూపించాడు. రోడ్డు పక్కన ఎత్తయిన స్తంభాలు, వాటి కొసల నుంచి కిందికి చూపిస్తూ ఎర్ర బాణాలు. బాణం సూటిగా ఎక్కడ చూపిస్తే అక్కడ రోడ్డు అంచు. మంచు ఎంత పేరుకున్నా అవి మునగవు. ఒక బాణం నుంచి ఇంకో బాణానికి వ్యాను నడకవేగంతో పాకింది. భయం వేసింది, కానీ అంతకు మించిన ఉత్సాహంతో గుండె కొట్టుకుంది.

కొంత దూరం పోయాక ఆయన బ్రేకు నొక్కాడు. ఎదురుగా మంచులో సగం కూరుకుపోయిన చిన్న కారు, ఇంజను ఆడుతూనే ఉంది, లోపల వృద్ధ దంపతులు. నేను పార తీసుకుని చక్రాల దగ్గరికి పోతే తనాబే నన్ను వెనక్కి లాగాడు. పొగగొట్టం మంచుతో మూసుకుపోతే విషవాయువు కారులోకే వస్తుందని, ముందు ఇంజను ఆపించి తలుపులు తీయాలని యూకీ వివరించింది. తనాబే అద్దం తడితే పెద్దాయన కళ్లు తెరిచి తాళం తిప్పి ఇంజను ఆపాడు. పక్కనున్న ఆమె కదల్లేదు. మునిరత్నం ఆ వైపు మంచును రెండు చేతులతో తోడేసి తలుపు లాగాడు.

"లెయ్‌మ్మా, కండ్లు తెరువు. ఏం కాదులే" అంటూ తెలుగులోనే పిలుస్తూ ఆమెను బయటికి ఎత్తుకున్నాడు.

చల్లగాలి తగిలి ఆమె దగ్గింది. ఆ దగ్గుకు మేమంతా ఒక్కసారిగా నవ్వాం. ఇద్దరినీ వ్యానులో ఎక్కించుకుని కనుమ దిగి ఆసుపత్రిలో అప్పగించాం. సాయంత్రానికి ఆమె లేచి కూర్చుందని కబురు వచ్చింది.

చిత్తూరు చేరాక మునిరత్నం ఒక మాట అడిగాడు. "మన ఘాట్లో పొగమంచు పట్టినప్పుడు మనం ఒక్కసారన్నా పోయి సూసినామా సార్?"

చూడలేదు. తనిఖీలన్నీ ఎండ వచ్చాక జీపులో చేసేవాళ్లం. ఆ ఏడు చలికాలంలో పొగమంచు కమ్మిన ఉదయాల్లో ఇద్దరం ఘాట్ అంతా నడిచాం. మూడు మలుపుల్లో అంచురాళ్లు అసలు కనిపించలేదు. వాటిని ఎత్తు చేయించి, వెలుగుకు మెరిసే పలకలు పెట్టించాం.

రోడ్డులోని లోపం దారి బాగా కనిపించే రోజున తెలియదు. దారి కనిపించని రోజున వెళ్లి చూడాలి.