మా ఊరి జనాభా పదకొండు

నిన్న పొద్దున గొర్రెల తొట్టిలో నీళ్లు వదులుతుంటే ఫోన్ మోగింది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి కాక కొడుకు. "బాపు పోయిండన్నా. నిద్రలనే పోయిండు" అన్నాడు. మోటారు ఆపేశాను.

కాక నాకు చుట్టం కాదు. సౌదీలో నజ్రాన్‌కు రెండు గంటల దూరంలో, గడ్డినేల మధ్య మేముండే పల్లెలో బోరు మోటారు చూసుకునేవాడు. నిరుడే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ వీసా కొట్టించుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్లాడు.

ఈ పల్లె పేరు మీరు విని ఉండరు. నాలుగిళ్లు, ఒక మసీదు, ఒక బోరు, రెండు గొర్రెల కొట్టాలు. ఉత్తరాన రాళ్ల గుట్టలు, తూర్పున మేత భూమి. వాన పడిన ఏడు మోకాలెత్తు గడ్డి, పడని ఏడు అది గడ్డినేలంటే నమ్మాల్సిందే. నేను దిగిన రోజే కాక దండోరా వేసినట్టు చెప్పాడు.

"జనాభా పదకొండైందిరా! నిన్నటిదాంక పదే."

రోజూ సాయంత్రం చాయ్ దగ్గర ఆ లెక్క తేలాల్సిందే. యెమెన్ కాపరి, బంగ్లాదేశ్ డ్రైవర్, మేమిద్దరం. మా యజమాని కఫీల్ ఇంట్లో ఏడుగురు. ఇంట్లో ఆడవాళ్లను ఎన్నడూ చూసింది లేదు, అయినా కాక లెక్కలో తప్పకుండా కలిపేవాడు.

వచ్చిన రెండో నెలలో నేనొక్కణ్ణే గొర్రెలను తోలుకుపోయినప్పుడు దుమ్ము లేచింది. సూర్యుడు మాయం. ఊరు పడమరన ఉందని తెలుసు, పడమర ఎటో తెలియదు. అంతలో కాపరులు నమాజు కోసం మక్కా వైపుగా పేర్చిన రాళ్ల వరుస కనిపించింది. ప్రాణం లేచివచ్చింది. ఇండియాలో మా ఊళ్లో నమాజు పడమటికే చేస్తారు, ఇక చింతేముంది! గొర్రెలు ఇంకోవైపు లాగుతున్నా, నాకంటే వీటికెక్కువ తెలుసా అని వాటిని వదిలేసి రాళ్లు చూపిన వైపు నడిచాను. రెండు గంటల తర్వాత నీళ్లు అయిపోయాయి. ఎదురుగా ఊరు లేదు, గుట్టలున్నాయి. అక్కడే పోతాననుకున్నాను.

డ్రైవర్‌ను వెంటబెట్టుకుని పికప్‌లో సూటిగా అక్కడికే వచ్చాడు కాక. గుక్క గుక్కగా నీళ్లు పట్టించాడు.

"రాళ్లను జూసి పడమర అనుకున్నవ్ గదా?"

నేను తలూపాను.

"మన కాడికెళ్లి మక్కా పడమర. ఈడికెళ్లి వాయవ్యం మూలకు. ఇంటికాడ ఇండ్లు గట్టిన మేస్త్రీవి, మూల ఎరుకలేదా?" అని పకపకా నవ్వాడు. "నేనొచ్చిన ఏడు నేనూ గట్లనే వోయిన. గందుకే ఈడికే వచ్చిన."

దారిలో ఇంకో మాట అన్నాడు. "గొర్రెలొచ్చినయ్, నువ్వు రాలే. ఎవడు రాలేదో చూసుకునేటోడు ఒక్కడుంటె సాలు బిడ్డా, అది ఊరే."

నేను బతికున్నది ఆయన వల్లే. ఇది రాయడానికి నాకు మొహమాటం లేదు.

నిన్న సాయంత్రం చాయ్ దగ్గర అందరికీ చెప్పాను. ముసలి కఫీల్ అరబ్బీలో ఒక్కటే అడిగాడు, ఆయన ఊరు ఎటువైపని. పైన దుమ్ము కమ్మి ఉంది, పొద్దు జాడ లేదు. నేను తడుముకోకుండా చెయ్యెత్తి తూర్పుకు చూపాను. కఫీల్, కాపరి, డ్రైవర్ గ్లాసులు కింద పెట్టి లేచి అటు తిరిగారు. అటు గడ్డి తప్ప మరేం లేదు. అయినా చాయ్ చల్లారేదాకా ఎవరూ ఇటు తిరగలేదు.